కేస్ స్టడీ: అలబామా నుంచి వచ్చిన పదో జట్టు

2013 జనవరిలో అమెరికాలోని వెస్టర్న్ కాలేజియేట్ హాకీ అసోసియేషన్ ఒక కొత్త జట్టును చేర్చుకుంది. 1951 నుంచి నడుస్తున్న పాత కాన్ఫరెన్స్, అంటే కలిసి లీగ్ ఆడే కాలేజీ జట్ల కూటమి, అది. పొడి అక్షరాల్లో డబ్ల్యూసీహెచ్ఏ అంటారు. చేరిన జట్టు అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్ యూనివర్సిటీది. ఇది మనం టర్ఫ్ మీద చూసే హాకీ కాదు, ఐస్ హాకీ. మిగతా జట్లన్నీ మిషిగన్, మిన్నెసోటా, ఒహాయో, అలాస్కాల్లో ఉంటే, ఈ ఒక్కటి మాత్రం మంచు అంటే పెద్దగా తెలియని దక్షిణాదిలో ఉంది. డబ్ల్యూసీహెచ్ఏలో ఎనిమిది సీజన్లు ఆడింది. 2021 వచ్చేసరికి ఆ జట్టూ లేదు, ఆ కాన్ఫరెన్స్‌లో పురుషుల లీగూ లేదు.

కాలేజీ క్రీడలకు షెడ్యూళ్లు వేయడం, ప్రయాణ బడ్జెట్లు చూడడం నా పని. ఆ కాన్ఫరెన్స్‌లో గానీ ఆ యూనివర్సిటీలో గానీ నేను పనిచేయలేదు. అందరికీ తెలిసిన విషయాలనే మా పనిలో వాడే కొలతలతో చూశాను. ఈ కేసు మాట వస్తే "దూరం వల్లే పోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లే ఎక్కువ. నేను దానితో ఏకీభవించను. దూరం ఖర్చు పెంచింది, అలసట పెంచింది, అది నిజమే. కానీ అంతకంటే దూరపు జట్లు వేరే కాన్ఫరెన్సుల్లో హాయిగా ఆడుతున్నాయి. హంట్స్‌విల్‌ను చేర్చుకున్న కారణమే చాలా పలచనిది. ఆ కారణం తీరిపోయిన రోజున దాన్ని పట్టుకుని ఉండాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

జట్టు నేపథ్యం

హంట్స్‌విల్ రాకెట్ల ఊరు. నాసా మార్షల్ స్పేస్ ఫ్లైట్ సెంటర్ అక్కడే ఉంది. జట్టు ఆడే హాలుకు కూడా రాకెట్ శాస్త్రవేత్త పేరే, వాన్ బ్రౌన్ సెంటర్. 1996లో, మళ్ళీ 1998లో ఈ జట్టు కాలేజీ హాకీ రెండో శ్రేణి అయిన డివిజన్ 2లో జాతీయ చాంపియన్ అయింది. తర్వాత డివిజన్ 1కి ఎదిగి కాలేజ్ హాకీ అమెరికా అనే చిన్న కాన్ఫరెన్స్‌లో ఆడింది. 2007లో జాతీయ టోర్నమెంట్‌కు వెళ్లి, బలమైన నోటర్ డామ్‌ను రెండో ఓవర్‌టైమ్ దాకా లాక్కెళ్లి 3-2తో ఓడింది. 2010లో మళ్ళీ వెళ్లింది. ఆనాటి గోలీ (గోల్‌కీపర్) కామ్ టాల్బట్ తర్వాత అమెరికా, కెనడాల ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో పేరున్న గోలీ అయ్యాడు. ఊరికే చేర్చుకున్న బలహీనమైన జట్టు అనుకోకూడదని ఇదంతా చెబుతున్నాను. సత్తా ఉన్న జట్టే, దానికి ఇల్లే లేకుండా పోయింది.

ఆ చిన్న కాన్ఫరెన్స్ 2010లో పురుషుల హాకీకి స్వస్తి చెప్పింది. బెమిడ్జీ స్టేట్ డబ్ల్యూసీహెచ్ఏకి వెళ్లింది, నయాగరా, రాబర్ట్ మోరిస్ అట్లాంటిక్ హాకీకి వెళ్లాయి. హంట్స్‌విల్ అంతకుముందే, 2009లో, సీసీహెచ్ఏ అనే మరో కాన్ఫరెన్స్ తలుపు తట్టింది. వాళ్లు కాదన్నారు. దాంతో మూడు సీజన్లు ఏ కాన్ఫరెన్సూ లేకుండా ఇండిపెండెంట్‌గా ఆడాల్సి వచ్చింది.

ఇండిపెండెంట్‌గా ఉండడం ఎంత కష్టమో షెడ్యూలు వేసేవాళ్లకు బాగా తెలుసు. అక్టోబర్, నవంబర్‌లో మ్యాచ్‌లు దొరుకుతాయి. జనవరి దాటితే అందరూ తమ తమ లీగ్ మ్యాచ్‌లలో మునిగిపోతారు, అలబామా దాకా వచ్చి ఆడే తీరిక ఎవరికీ ఉండదు. కాన్ఫరెన్స్ విజేతకు జాతీయ టోర్నమెంట్‌లో నేరుగా దొరికే బెర్త్ కూడా ఉండదు. 2011 అక్టోబర్‌లో యూనివర్సిటీ ఈ జట్టును క్లబ్ స్థాయికి దించేస్తామని ప్రకటించింది. కొత్త ప్రెసిడెంట్ రాబర్ట్ ఆల్టెన్‌కిర్క్ వచ్చాక ఆ డిసెంబర్‌లోనే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. జట్టు నిలిచింది గానీ, ఆ రెండు నెలల టెన్షన్ ప్రభావం ఏళ్ల తరబడి ఉంటుంది. హైస్కూలు వయసు కుర్రాళ్లు ఏ కాలేజీకి ఆడాలో ముందుగానే నిర్ణయించుకుంటారు. "ఉంటుందో ఊడుతుందో తెలియదు" అన్న పేరు ఒకసారి పడితే మంచి కుర్రాళ్లు అటువైపు చూడరు. 2013-14లో డబ్ల్యూసీహెచ్ఏలో మొదటి సీజన్ ఆడినప్పుడు ఈ జట్టు గెలిచినవి రెండే మ్యాచ్‌లు. ఆ ఫలితాన్ని దూరం ఖాతాలో వేయడం సరికాదు.

తొమ్మిది అనే చిక్కు

డబ్ల్యూసీహెచ్ఏ ఎందుకు చేర్చుకుందో తెలియాలంటే 2010 సెప్టెంబర్‌కు వెళ్లాలి. టెరీ పెగులా అనే వ్యాపారవేత్త పెన్ స్టేట్ యూనివర్సిటీకి హాకీ కోసం 8.8 కోట్ల డాలర్లు విరాళం ప్రకటించాడు. నేరుగా బెర్త్ రావాలంటే కాన్ఫరెన్స్‌లో కనీసం ఆరు జట్లు ఉండాలన్నది కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నియమం. బిగ్ టెన్ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లోని యూనివర్సిటీల్లో అప్పటికి హాకీ జట్లున్నవి ఐదు. పెన్ స్టేట్‌తో ఆరయ్యాయి. బిగ్ టెన్ సొంత హాకీ లీగ్ పెట్టేసుకుంది. మిన్నెసోటా, విస్కాన్సిన్ డబ్ల్యూసీహెచ్ఏ నుంచి, మిషిగన్, మిషిగన్ స్టేట్, ఒహాయో స్టేట్ సీసీహెచ్ఏ నుంచి వెళ్లిపోయాయి. మిగిలిన పెద్ద జట్లు మనమెందుకు ఆగాలి అనుకుని 2011లో నేషనల్ కాలేజియేట్ హాకీ కాన్ఫరెన్స్, అంటే ఎన్‌సీహెచ్‌సీ, పెట్టుకున్నాయి. సీసీహెచ్ఏ మూతపడింది.

డబ్ల్యూసీహెచ్ఏలో నాలుగు జట్లు మిగిలాయి: బెమిడ్జీ స్టేట్, మిన్నెసోటా స్టేట్, మిషిగన్ టెక్, అలాస్కా యాంకరేజ్. సీసీహెచ్ఏ నుంచి ఐదొచ్చాయి: నార్తర్న్ మిషిగన్, లేక్ సుపీరియర్ స్టేట్, ఫెరిస్ స్టేట్, బౌలింగ్ గ్రీన్, ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా యూనివర్సిటీ. మొత్తం తొమ్మిది.

తొమ్మిది బేసి సంఖ్య. కాలేజీ హాకీ శుక్ర, శనివారాల్లో జంట మ్యాచ్‌లుగా నడుస్తుంది. ఒక వీకెండ్‌లో రెండేసి జట్లు జతపడతాయి. తొమ్మిదైతే ప్రతి వారం ఒక జట్టు ఖాళీగా కూర్చోవాలి. సీజన్ మొదట్లో ఆ ఖాళీలో బయటి జట్టుతో ఆడుకోవచ్చు. ఫిబ్రవరిలో అయితే బయటి జట్టు దొరకదు. రింక్‌లో (ఐస్ హాకీ మైదానంలో) టికెట్లు అమ్ముడుపోవాల్సిన వారం వృథా పోతుంది. చివరి వారం ఎవరు ఖాళీగా ఉంటారన్నదాని మీద పాయింట్ల పట్టికలో గొడవ. పది జట్లుంటే ఈ బాధ లేదు. ప్రతి జట్టుకూ 28 లీగ్ మ్యాచ్‌లు: ఐదు జట్లతో నాలుగేసి, నాలుగు జట్లతో రెండేసి. పద్నాలుగు వీకెండ్లు, అందరూ ఒకేసారి ఆడతారు. కాగితం మీద ఆ షెడ్యూలు చక్కగా కుదురుతుంది, వేసేవాడికి ప్రాణం లేచొస్తుంది.

ఆ పదో గడిలో కూర్చోడానికి అప్పుడు ఖాళీగా ఉన్న డివిజన్ 1 జట్టు హంట్స్‌విల్. పంక్తిలో ఒక విస్తరి మిగిలిందని పిలిచి కూర్చోబెట్టినట్టే జరిగింది. పిలిచినవాళ్ల మనసు మంచిది కాదని అనడం లేదు. ఒక జట్టును కాపాడాలన్న తపన నిజంగానే ఉంది, ఆ నిర్ణయం వల్ల ఎందరో కుర్రాళ్లు ఎనిమిదేళ్లు డివిజన్ 1 హాకీ ఆడగలిగారు. నేను అడిగేది వేరే ప్రశ్న. ఆ గడిని రేపు దగ్గర్లోని మరో జట్టు నింపగలిగితే ఏమిటి?

ఒక ట్రిప్పు ఎలా ఉంటుంది

హంట్స్‌విల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ సరళరేఖలో కొలిస్తే సుమారు 5,200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి కైరో దాకా ఉన్న దూరం కంటే ఎక్కువ. ఇది ఒకే లీగ్‌లో రెండు జట్ల మధ్య దూరం. దగ్గరి సభ్యుడైన బౌలింగ్ గ్రీన్ కూడా దాదాపు 800 కిలోమీటర్ల అవతల ఉంది.

కానీ మా పనిలో కిలోమీటర్ల కంటే విమానాలు ఎన్నిసార్లు మారాలన్నదే ముఖ్యం. మిన్నెసోటా స్టేట్ ఉన్న మాంకేటోకు వెళ్లాలంటే మిన్నియాపోలిస్‌లో దిగి బస్సెక్కితే గంటన్నర. మిషిగన్ టెక్ ఉన్న హౌటన్ అలా కాదు. ఎయిర్‌పోర్ట్ ఉంది, కానీ అక్కడికొచ్చేవి చిన్న విమానాలు. పాతికమందికి పైగా ఆటగాళ్లు, కోచ్‌లు, ట్రైనర్లు, ఒక్కొక్కరికీ మనిషంత బ్యాగు, కట్టలు కట్టిన స్టిక్కులు, స్కేట్లు పదునుపెట్టే మెషిన్, ఇవన్నీ ఒకే చిన్న విమానంలో పట్టవు. కాబట్టి ఎక్కడో పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో దిగి, మంచు కురిసే రోడ్డు మీద గంటల తరబడి బస్సులో పోవాలి. మ్యాప్‌లో హౌటన్ ఫెయిర్‌బ్యాంక్స్ కంటే చాలా దగ్గర. అలసటలో మాత్రం అంత తేడా ఉండదు.

అలాస్కా ట్రిప్పు ఎలా వేస్తారో చూద్దాం. శుక్రవారం మ్యాచ్‌కు బుధవారమే బయల్దేరాలి. అక్కడి గడియారం హంట్స్‌విల్ కంటే మూడు గంటలు వెనక. రాత్రి ఏడింటికి మ్యాచ్ మొదలైతే కుర్రాళ్ల ఒంటికి అది రాత్రి పది. శుక్రవారం రాత్రి ప్యాడ్లు, గ్లవ్స్ లాకర్ రూమ్‌లో ఆరేసుకోవచ్చు. శనివారం రాత్రి ఆ వీలుండదు. మ్యాచ్ అయిన వెంటనే చెమటతో తడిసి ముద్దైన సామాను అలాగే బ్యాగుల్లో కుక్కి ఎయిర్‌పోర్ట్‌కు పరుగెత్తాలి. విమానంలో బ్యాగుకు మామూలు పరిమితి 23 కిలోలు. వచ్చేటప్పుడు సరిపోయిన గోలీ బ్యాగు వెళ్లేటప్పుడు తడి బరువుతో సరిపోదు. కౌంటర్ దగ్గర ప్యాడ్లు తీసి వేరే బ్యాగుల్లో సర్దే పని ఎక్విప్‌మెంట్ మేనేజర్‌ది. రాత్రంతా ప్రయాణం, ఆదివారం మధ్యాహ్నమో సాయంత్రమో ఇల్లు, సోమవారం పొద్దున క్లాసు. బుధ, గురు, శుక్ర, మూడు రోజుల క్లాసులు పోయాయి. రెండు అలాస్కా జట్లతో వరుసగా రెండు వీకెండ్లు పెడితే విమానం ఖర్చు ఒక విడత మిగులుతుంది. కానీ మధ్యలో వారమంతా హోటల్లో ఉండాలి, క్లాసులు ఇంకా పోతాయి. ఏది మంచిదో ప్రతి యూనివర్సిటీ తన లెక్క తను చూసుకోవాలి. ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు ఎక్కువగా ఉన్న జట్టుకు నేనైతే వారమంతా హోటల్లో ఉంచే షెడ్యూలు ఎప్పుడూ వేయను.

అసలు అసమానత ఇంకో చోట ఉంది. సీజన్‌కు ఏడు వీకెండ్లు బయట ఆడాలి. హంట్స్‌విల్‌కు ఆ ఏడూ దూర ప్రయాణాలే. మిషిగన్ జట్టుకు హంట్స్‌విల్ ప్రయాణం ఏడాదికి ఒకటి, కొన్నేళ్లు అదీ ఉండదు. భారమంతా ఎవరిదో ఇక్కడే తెలిసిపోతుంది. అయినా ఫిర్యాదు మాత్రం మిషిగన్ వైపు నుంచే రాగలదు, ఎందుకంటే అలాస్కాకు పోయే రెండింటికి తోడు వాళ్లకిది మూడో విమాన ప్రయాణం. అలాస్కాకు వెళ్లేవాళ్లకు ఎన్‌సీఏఏ ఒక వెసులుబాటు ఇచ్చింది. అక్కడ ఆడిన మ్యాచ్‌లను సీజన్ పరిమితి 34లో లెక్కించకపోవచ్చు. అంటే ఆ ఖర్చుకు బదులు సొంత రింక్‌లో ఇంకో రెండు మ్యాచ్‌లు పెట్టుకుని టికెట్లు అమ్ముకోవచ్చు. హంట్స్‌విల్‌కు వచ్చేవాళ్లకు అలాంటిదేమీ లేదు. నేనే గనక 2013లో ఆ ఒప్పందం రాసే బల్ల దగ్గర ఉంటే మొదట దీని గురించే మాట్లాడేవాణ్ని. విజిటింగ్ జట్టుకు ఏదో ఒక రూపంలో తిరిగి వచ్చే లాభం లేకపోతే, మొదటి రెండేళ్ల ఉత్సాహం తగ్గాక ఆ ప్రయాణం ప్రతి బడ్జెట్ మీటింగ్‌లోనూ ఖర్చు పద్దుగానే కనిపిస్తుంది.

ఆరుకు పైన ఏడు

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇది. పది జట్లలో మూడు దూరంవి: రెండు అలాస్కావి, ఒకటి అలబామాది. మిగతా ఏడూ మిషిగన్, మిన్నెసోటా, ఒహాయోల్లోవే, బస్సులో తిరగగల దూరంలోవే. నేరుగా బెర్త్‌కు కావాల్సింది ఆరు. అంటే హంట్స్‌విల్ చేరిన మొదటి రోజునే, దూరపు మూడూ లేకుండా మిగతా ఏడూ విడిగా బతకగలవు. ఆ లెక్క ఎవరూ దాచలేదు, అందరి కళ్లముందే ఉంది. ఆరేళ్లు ఎవరూ దాన్ని వాడుకోలేదు, అంతే.

2019 జూన్‌లో వాడుకున్నారు. ఏడు యూనివర్సిటీలూ కలిసి, 2020-21 సీజన్ తర్వాత వెళ్లిపోతామని నోటీసు ఇచ్చాయి. కొత్త కాన్ఫరెన్స్‌కు సీసీహెచ్ఏ అన్న పాత పేరే పెట్టుకున్నాయి. ఏడు బేసి సంఖ్య కదా. ఎనిమిదో గడిలోకి మిన్నెసోటాలోనే సెయింట్ పాల్‌లో ఉన్న సెయింట్ థామస్ యూనివర్సిటీ వచ్చింది. డివిజన్ 3 నుంచి నేరుగా డివిజన్ 1కి ఎక్కుతున్న జట్టు అది. అనుభవం విషయంలో హంట్స్‌విల్‌కు సాటి రాదు. కానీ బస్సు దూరంలో ఉంది. హంట్స్‌విల్‌ను లోపలికి తెచ్చిన సరిసంఖ్య అవసరమే, దగ్గరి జట్టు దొరికాక దాన్ని బయట పెట్టింది.

వెళ్లిపోయిన ఏడింటినీ నేను తప్పుపట్టను. అవన్నీ పెద్ద ఫుట్‌బాల్ ఆదాయం లేని, హాకీ మీద ప్రేమతో నడిచే యూనివర్సిటీలు. వాళ్ల కుర్రాళ్ల క్లాసులు, వాళ్ల బడ్జెట్లు వాళ్లు చూసుకున్నారు. రెండేళ్ల ముందే చెప్పారు కూడా. కానీ నోటీసు వల్ల వచ్చేది గడువు మాత్రమే, ఇంకో ఇల్లు కాదు. సభ్యత్వ ఒప్పందాల్లో నోటీసు గురించి పేజీలకు పేజీలు రాస్తారు. ఒక గుంపు కలిసి వెళ్లిపోతే మిగిలినవాళ్లకు కొన్ని సీజన్లైనా మ్యాచ్‌లు ఇవ్వాలన్న షరతు రాయడం చాలా అవసరం. వెళ్లిన ప్రతి జట్టూ మిగిలిన జట్లతో మూడు సీజన్లు తలా ఒక వీకెండ్ ఆడాలని ఉంటే, మూడు దూరపు జట్లకూ షెడ్యూల్లో సగం అప్పుడే నిండేది. ఇండిపెండెంట్ జట్టును చంపేది ఖాళీ జనవరి, ఖాళీ ఫిబ్రవరి.

2020 మేలో, కోవిడ్ మొదలైన రోజుల్లో, హంట్స్‌విల్ యూనివర్సిటీ హాకీని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పాత ఆటగాళ్లు, ఊరి అభిమానులు వారం రోజుల్లో 5 లక్షల డాలర్లకు పైగా పోగు చేసి ఒక్క సీజన్‌కు ప్రాణం పోశారు. ఉత్తరాది హాకీ ఊళ్లలో ఇలా జరిగితే ఆశ్చర్యం ఉండదు. అలబామాలో జరిగింది. ఈ కేసు చదివిన ప్రతిసారీ నా మనసు అక్కడే ఆగుతుంది. 2020-21 ఆడారు. చేరడానికి ఏ కాన్ఫరెన్సూ దొరకలేదు. 2021 మేలో జట్టును నిలిపివేశారు. వాన్ బ్రౌన్ సెంటర్‌లో ఐస్ హాకీ ఆగలేదు. హావొక్ అనే ప్రొఫెషనల్ జట్టు అక్కడ ఆడుతూనే ఉంది. ఊళ్లో ఆట చూసేవాళ్లు లేక కాలేజీ జట్టు పోలేదనడానికి అదే రుజువు.

అలాస్కా యాంకరేజ్ జట్టును కూడా 2020లో ఆపేశారు. 30 లక్షల డాలర్లు పోగుచేస్తే మళ్ళీ మొదలుపెడతామన్నారు. 2021లో పోగుచేశారు, 2022-23లో తిరిగొచ్చారు. ఇప్పుడు అలాస్కా జట్లు రెండూ ఇండిపెండెంట్‌గా ఆడుతున్నాయి. వాటికి తోడుగా 34 మ్యాచ్‌ల వెసులుబాటు ఉంది, రాష్ట్రంలో ఒకదానికొకటి ఉన్నాయి. హంట్స్‌విల్‌కు ఆ రెండూ లేవు.

దూరమైనా నిలిచినవి

ఎయిర్ ఫోర్స్ అకాడమీ కొలరాడోలో ఉంది. 2006లో అట్లాంటిక్ హాకీలో చేరింది. ఆ కాన్ఫరెన్స్‌లోని మిగతా జట్లు తూర్పు తీరం వైపు, రెండు వేల కిలోమీటర్లకు పైగా అవతల ఉండేవి. హంట్స్‌విల్‌లాగే ఒంటరి సభ్యుడు. అయినా ఇప్పటికీ ఉంది. 2007, 2008, 2009లో వరుసగా కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచింది. అదే కాన్ఫరెన్స్‌లో వెస్ట్ పాయింట్‌లోని ఆర్మీ జట్టు కూడా ఉంది. ఆర్మీ, ఎయిర్ ఫోర్స్ ఒకదానితో ఒకటి ఆడాలనుకుంటాయి, ఆ మ్యాచ్ చూడాలని జనం అనుకుంటారు. ఇంకో జట్టు ఆ స్థానంలోకి రావడమన్న మాటే లేదు. దాని విలువ షెడ్యూల్లో గడి నింపడం కాదు కాబట్టి, దగ్గరి జట్టు దొరికినా దాని చోటు పోదు.

అరిజోనా స్టేట్ కేసు ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2015-16లో డివిజన్ 1కి వచ్చి, చాలా సీజన్లు ఇండిపెండెంట్‌గా ఆడింది. 2019లో ఇండిపెండెంట్‌గానే జాతీయ టోర్నమెంట్‌కు ఎంపికైంది. 2022లో 5,000 సీట్ల సొంత రింక్ కట్టుకుంది. ఫీనిక్స్ పెద్ద ఎయిర్‌పోర్ట్, మిన్నియాపోలిస్‌కు, డెన్వర్‌కు నేరుగా విమానాలున్నాయి. హౌటన్‌కు బస్సులో పోయే కష్టంతో పోలిస్తే ఫీనిక్స్ చాలా సులభం. 2023లో ఎన్‌సీహెచ్‌సీ దాన్ని ఆహ్వానించింది, 2024-25 నుంచి ఆడుతోంది.

అప్పుడు ఎన్‌సీహెచ్‌సీలో ఎనిమిది జట్లున్నాయి, చక్కటి సరిసంఖ్య. అరిజోనా స్టేట్‌తో తొమ్మిదయ్యాయి. ప్రతి వారం ఒకరు ఖాళీగా కూర్చునే ఆ చిక్కునే కోరి తెచ్చుకున్నారు. ఏ తొమ్మిదిని సరిచేయడానికి డబ్ల్యూసీహెచ్ఏ హంట్స్‌విల్‌ను పిలిచిందో, ఆ తొమ్మిదిని భరించి మరీ ఎన్‌సీహెచ్‌సీ అరిజోనా స్టేట్‌ను తీసుకుంది. దూరపు యూనివర్సిటీ ఏదైనా నన్ను సలహా అడిగితే మొదట వేసే ప్రశ్న ఇదే: మీ రాకతో వాళ్ల షెడ్యూలు తేలికవుతుందా, కష్టమవుతుందా? కష్టమైనా రమ్మంటున్నారంటే వెళ్లండి. తేలికవుతుందని రమ్మంటుంటే, సంతకం పెట్టే ముందు మీకంటే రెండు వందల కిలోమీటర్లు వాళ్లకు దగ్గరగా ఉండి ఆ పని చేయగల జట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి.

ఎన్‌సీహెచ్‌సీ పదో జట్టును కూడా తర్వాత ప్రకటించింది. 2026-27 నుంచి సెయింట్ థామస్ అందులోకి వెళ్తుంది. సీసీహెచ్ఏ 2024-25కల్లా సౌత్ డకోటాలోని ఆగస్టానాతో కలిసి తొమ్మిదికి చేరింది. సెయింట్ థామస్ వెళ్లాక మళ్ళీ ఎనిమిది అవుతుంది.